దెబ్బకు తేదీ ఉంటుంది

మా వైపు ఎవరైనా కిందపడి తల పగిలితే చుట్టూ మూగినవాళ్లు అనే మాట ఒక్కటే. "పడ్డడు, నెత్తికి తాకింది, సోయి తప్పిండు." ఆ మాటలోనే ఒక వరుస ఉంది. ముందు పడటం, తర్వాత దెబ్బ, చివరికి స్పృహ పోవడం. చాలాసార్లు ఆ వరుస నిజమే. కొన్నిసార్లు మాత్రం అసలు జరిగింది వేరు. ముందు సోయి తప్పింది, తప్పింది కాబట్టి పడ్డాడు, పడ్డాడు కాబట్టి తాకింది. నెత్తిమీది గాయం అందరికీ కనిపిస్తుంది. సోయి తప్పించిన కారణం పుర్రె లోపల ఉంటుంది, ఒక్కోసారి ఏళ్లుగా పెరుగుతున్న కణితి రూపంలో.

తికమక మన మాటలోనే మొదలవుతుంది. తలలో రక్తం చేరితే "గడ్డ కట్టింది" అంటాం. కణితి ఉంటే "గడ్డ ఉంది" అంటాం. స్కాన్ కాగితం చేతిలో పట్టుకుని బయటికొచ్చిన బంధువు "తలకాయల గడ్డ ఉన్నదట" అని ఫోన్లో చెబితే, అవతలివాళ్లకు అది ఏ గడ్డో తెలిసే దారి లేదు. స్కాన్‌లో కూడా ఈ రెండు గడ్డలూ ఒకదాని వేషం మరొకటి వేసుకుని కనిపిస్తాయి. కొత్తగా గడ్డకట్టిన రక్తం తెల్లగా ఉంటుంది, కొన్ని కణితులూ తెల్లగానే ఉంటాయి. దెబ్బకు కమిలిన మెదడు చుట్టూ నల్లని నీడ ఉంటుంది, కణితి చుట్టూ వాపు కూడా నల్లని నీడే.

వీటిని విడదీసే వైద్యుల పనితనాన్ని అర్థం చేసుకున్నకొద్దీ నాకు అందులో ఒకే దారం కనిపించింది. దెబ్బకు తేదీ ఉంటుంది, గంట కూడా ఉంటుంది. కణితికి ఉండదు. అందుకని తలలో కనిపించిన ప్రతి గుర్తునూ పట్టుకుని నీ వయసెంత అని అడుగుతారు. ఈ ఉదయం ఏడింటికి పడిన మనిషి తలలో నిన్నటిది, నెలల కిందటిది ఏదైనా కనిపిస్తే అది దెబ్బ చేసిన పని కాదు. చేతి స్పర్శ నుంచి సూక్ష్మదర్శిని దాకా ఈ పనిలో వాడే సాధనాలు చాలావరకు ఈ వయసు లెక్క కోసమే పనిచేస్తాయి.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. జగిత్యాల వైపు ఇబ్రహీంపట్నం, మెట్‌పల్లి, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్లలో ఏ ఇంట్లోనైనా జరగగలిగినది. యాభై ఏళ్ల ఆమె. బీడీలు చుడుతుంది. కొడుకు దుబాయిలో. ఇంట్లో కోడలు, మనవలు. పొద్దున్నే వాకిట్లో సాన్పి చల్లుతూ పడిపోయింది. ఎడమ కణత బండకు తగిలి చర్మం చిట్లింది, రక్తం కారింది. నీళ్లు చల్లినా లేవలేదు. 108కు ఫోన్ చేశారు.

ఆ వాహనం 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సేవ. ఇలాంటప్పుడు తొలి కొలత తీయాల్సింది ఆ వాహనంలోనే. దాని పేరు గ్లాస్గో స్కేలు. స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో గ్రాహమ్ టీస్‌డేల్, బ్రయన్ జెనెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు 1974లో తయారుచేశారు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కాళ్లూ చేతుల కదలికకు 6. మొత్తం 15 అయితే పూర్తి సోయి. అన్నిట్లోనూ అట్టడుగున ఉంటే 3. యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఒక డాక్టరు వేసిన అంకె ఇంకో ఊరి డాక్టరుకు అదే అర్థంతో చేరుతుంది. దాని అసలు బలం మళ్లీ మళ్లీ కొలవడంలో ఉంది. ఫిట్స్ వచ్చి సోయి తప్పిన మనిషికి గంట గంటకూ అంకె పెరుగుతుంది. పుర్రె కింద రక్తనాళం తెగి రక్తం చేరుతున్న మనిషి మొదట లేచి కూర్చుని నీళ్లు తాగి మాట్లాడి, తర్వాత మెల్లగా కిందికి జారిపోవచ్చు. ఒక్క అంకె దాదాపు ఏమీ చెప్పదు. అరగంట తేడాతో రాసిన మూడు అంకెలు చాలా చెబుతాయి.

మన ఉదాహరణలో ఆమెకు మొదట 9 వచ్చింది అనుకుందాం. జగిత్యాల చేరేసరికి 13. కళ్లు తెరిచింది, పేరు చెప్పింది, రోజు చెప్పలేకపోయింది. ఎడమ చెయ్యి సరిగా లేవడం లేదు.

ఇక్కడ డాక్టరు చేసే పని బయటికి చాలా మామూలుగా కనిపిస్తుంది. ఆమె అరచేతులు తిప్పి చూస్తాడు. కాలు జారి పడే మనిషి తనకు తెలియకుండానే చేతులు ముందుకు చాపుతాడు, అరచేతులు గీసుకుపోతాయి. పడేముందే సోయి తప్పిన మనిషి చేతులు చాపడు, నేల నేరుగా తలను తాకుతుంది. ఆమె అరచేతులు శుభ్రంగా ఉన్నాయి. నోరు తెరిపించి టార్చి వేసి నాలుక పక్కలు చూస్తాడు. ఫిట్స్‌లో దవడ బిగుసుకున్నప్పుడు నాలుక పక్క అంచు పళ్ల మధ్య నలుగుతుంది. చీర తడిసిందా అని కోడలిని పక్కకు పిలిచి అడుగుతాడు. ఇవి ఏవీ పుస్తకంలో పెద్ద అధ్యాయాలు కావు. కానీ ఈ మూడూ కలిసి వరుసను తిరగరాస్తాయి.

తర్వాత అసలు సాక్షి.

"పడంగ ఎవలు చూసిన్రమ్మా?"

"నేనే చూసిన సార్. అత్తమ్మ చెంబు పట్టుకొని నిలవడ్డది. ఎడమ చెయ్యి బొటనేలు కొట్టుకున్నది. ఇగ చెయ్యంత కొట్టుకున్నది, మూతి ఎడమకు గుంజుకపోయింది. గప్పుడు పడ్డది."

ఈ నాలుగు ముక్కల విలువ మాటల్లో చెప్పడం కష్టం. ఫిట్స్ ఒక వేలి దగ్గర మొదలై చేతికీ ముఖానికీ పాకడాన్ని 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌కు చెందిన హ్యూలింగ్స్ జాక్సన్ జాగ్రత్తగా గమనించాడు. అలా పాకుతోందంటే మెదడు ఉపరితలం మీద వేళ్లను, చేతిని, ముఖాన్ని నడిపే చోట్లు పక్కపక్కన ఉండాలని ఊహించాడు. తర్వాత కెనడాలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ మెలకువగా ఉన్న రోగుల మెదడును సన్నని విద్యుత్తుతో తాకి ఆ పటం గీశాడు. ఆ పటంలో నడుముకూ తొడకూ కొంచెం చోటు, బొటనవేలికీ మిగతా వేళ్లకూ చాలా చోటు. కోడలు చెప్పిన వరుసను ఆ పటం మీద పెడితే మంట ఎక్కడ అంటుకుందో తెలుస్తుంది: మెదడు కుడి పక్క, పై భాగం, చేతిని నడిపే పట్టీ. పైగా ఆ మంట ఆమె నేలను తాకకముందే అంటుకుంది. స్కాన్ గదిలోకి వెళ్లకముందే డాక్టరు చేతిలో చోటూ ఉంది, వరుసా ఉంది.

అయినా ఆగడు. ఇంకా వెనక్కి అడుగుతాడు. ఈ నెలల్లో ఏమన్నా తేడా చూశారా? తలనొప్పి పొద్దున లేవగానే ఎక్కువా, వాంతి అయ్యాక తగ్గేదా? గిన్నెలు జారాయా? బీడీ పని చేసే ఇంట్లో ఈ ప్రశ్నకు సమాధానం దొరికే చోటు ఒకటుంది. కూలి వెయ్యి బీడీల లెక్కన ఇస్తారు కాబట్టి రోజువారీ లెక్క రాసి ఉంటుంది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టడం వేళ్ల పని. దానికి రెండు చేతుల వేళ్లూ ఒకే వేగంతో నడవాలి. ఎడమ చెయ్యి మెల్లగా బరువెక్కితే ముందు ఆ లెక్కలోనే తెలుస్తుంది. అయిదు నెలలుగా లెక్క తగ్గుతూ వచ్చిందని, వయసు మీద పడిందని ఇంట్లోవాళ్లు అనుకున్నారని తేలితే, అది తేదీలు వేసిన సాక్ష్యం. ఆ ఉదయం తగిలిన దెబ్బ అయిదు నెలల కిందటి చేతిని బలహీనపరచలేదు.

కంటి పరీక్ష కూడా వయసు చెబుతుంది. 1851లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ చేసిన ఆఫ్తాల్మోస్కోపు అనే చిన్న సాధనంతో కంటిపాప గుండా లోపలికి చూస్తే, మెదడు నుంచి వచ్చే నరం కంటిలోకి తెరుచుకునే గుండ్రని చోటు కనిపిస్తుంది. శరీరాన్ని కోయకుండా మెదడుకు సంబంధించిన నరాన్ని నేరుగా చూడగలిగే చోటు అదొక్కటే. పుర్రెలో ఒత్తిడి పెరిగితే ఆ చోటు ఉబ్బి అంచులు చెదిరిపోతాయి. సాధారణంగా దానికి రోజులు పడుతుంది. పడిన రెండు గంటలకే అంచులు చెదిరి కనిపిస్తే ఆ ఒత్తిడి ఈ ఉదయానిది కాదు.

ఇప్పుడు సీటీ స్కాన్. దీని పుట్టుకలోనే మన విషయం ఉంది. ఇంగ్లండ్‌లో ఈఎంఐ కంపెనీ ఇంజనీరు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రంతో బతికున్న మనిషి తలను మొదటిసారి చూసింది 1971 అక్టోబర్ 1న, లండన్ వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో. ఆ రోగి కణితి ఉందన్న అనుమానంతో వచ్చిన స్త్రీ. కణితి కనిపించింది. అంతకుముందు అర్ధ శతాబ్దం పాటు డాక్టర్లు తలలోని గడ్డను నేరుగా చూడలేదు, ఊహించారు. 1918లో అమెరికాలో వాల్టర్ డాండీ మెదడు గదుల్లోకి గాలి ఎక్కించి, ఆ గాలి ఎటు నెట్టుకుపోయిందో ఎక్స్‌రేలో చూసి గడ్డ ఎక్కడుందో చెప్పేవాడు. 1927లో పోర్చుగల్‌లో ఎగాస్ మోనిజ్ రక్తనాళంలోకి మందు ఎక్కించి, నాళం ఎక్కడ వంగిందో చూశాడు. మన దేశంలో 1949లో వెల్లూరు సీఎంసీలో జేకబ్ చాందీ మొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని మొదలుపెట్టినప్పుడు చేతిలో ఉన్నవి ఈ సాధనాలే. కనిపించని దాన్ని పక్కవాటి వంపు నుంచి కనిపెట్టిన ఆ చూపు ఇప్పటికీ అవసరపడుతుంది, ఎలాగో ముందు చెబుతాను.

హౌన్స్‌ఫీల్డ్ యంత్రం తలను ఫోటో తీయదు, లెక్కిస్తుంది. సన్నని ఎక్స్‌రే కిరణాన్ని తల గుండా అన్ని కోణాల నుంచీ పంపి, అవతల ఎంత మిగిలిందో కొలిచి, తలలోని ఒక్కొక్క చిన్న గడి కిరణాన్ని ఎంత ఆపిందో గణితంతో తేలుస్తుంది. నీటికి 0 అని, గాలికి మైనస్ 1000 అని పెట్టుకున్న ఈ కొలమానానికి ఆయన పేరే పెట్టారు. మెదడు చుట్టూ ఉండే ద్రవం 0కు కొంచెం పైన. మెదడు 25 నుంచి 40 మధ్య. కొత్తగా గడ్డకట్టిన రక్తం 60, 70 దాకా. ఎముక కొన్ని వందలు. మెదడు పైపొరల్లో పుట్టే మెనింజియోమా అనే కణితి మెదడుకన్నా కాస్త ఎక్కువ, కొన్నిసార్లు రక్తాన్ని అందుకునేంత. అంకెలు ఒకదాని అంచు మరొకదానికి తగులుతాయి కాబట్టి అంకె ఒక్కటే తీర్పు చెప్పదు.

మన ఉదాహరణలో కుడి పక్క పుర్రెకు ఆనుకుని కటకం ఆకారంలో తెల్లని మచ్చ కనిపించింది. తలకు దెబ్బ, పుర్రెకు ఆనిన కటకం, తెలుపు. ఈ మూడూ కలిస్తే వైద్య విద్యార్థి కూడా పుర్రెకూ దాని కింది గట్టి పొరకూ మధ్య చేరిన రక్తమని, ఎక్స్‌ట్రాడ్యూరల్ హెమటోమా అని రాస్తాడు. అది నిజమైతే గంటల్లో పుర్రె తెరవాలి. తొందర న్యాయమైనదే. నేర్పు గల రేడియాలజిస్టు ఆ తొందరలోనూ రెండు నిమిషాలు ఆగే చోటు ఇక్కడే ఉంది.

మొదట చర్మం చూస్తాడు. దెబ్బ ఎడమ కణతకు, మచ్చ కుడి పక్క. మెదడు కమలడం దెబ్బకు ఎదుటి పక్క జరగొచ్చు, తల ఆగినా లోపలి మెదడు ఆగకుండా వెళ్లి అవతలి గోడను గుద్దుకుంటుంది కాబట్టి. కానీ ఎక్స్‌ట్రాడ్యూరల్ రక్తం చాలావరకు దెబ్బ కిందే, ఎముక చిట్లిన చోటే చేరుతుంది. కుడి పక్క చర్మం వాచలేదు. ఎముక చిట్లలేదు. తర్వాత కంప్యూటర్‌లో కిటికీ మారుస్తాడు. కిటికీ అంటే అంకెల్లో ఏ ముక్కను బూడిద రంగుల్లో చూపాలో ఎంచుకోవడం. మెదడు చూసే కిటికీలో 0 నుంచి 80 వరకే తేడాలు కనిపిస్తాయి, 80 పైన ఉన్నదంతా ఒకే తెలుపు. అక్కడ ఎముకంతా వివరం లేని తెల్లని పట్టీలా ఉంటుంది. ఎముక కిటికీకి మారగానే ఆ తెలుపు విడిపోయి పుర్రె లోపలి పలక కనిపిస్తుంది. అది ఆ ఒక్క చోట మాత్రం మందంగా, గరుకుగా ఉంది. మెనింజియోమా ఆనిన చోట ఎముక ఇలా పెరగడం తెలిసిన విషయం. ఎముక ఒక్క ఉదయంలో మందం కాదు. స్కాన్ అంతటిలో నాకు అత్యంత ఇష్టమైన గుర్తు ఇదే. అది మచ్చలో లేదు, మచ్చ పక్కన ఉంది.

మూడోది వాపు. మచ్చ చుట్టూ మెదడు తెల్ల పదార్థంలోకి చేతివేళ్లు చాపినట్టు నల్లని నీడ పాకింది, పైనున్న బూడిద పొరను మాత్రం వదిలేసింది. దెబ్బ తర్వాత వాపు గంటల్లో మొదలై రోజుల్లో పెరుగుతుంది. రెండో గంట స్కాన్‌లోనే ఇంత పెద్ద, ఇంత తీరైన వాపు ఉండటానికి తీరిక దొరకదు. అరచేయి, నాలుక, కోడలి మాట, బీడీల లెక్క, కంటి నరం, ఎముక, వాపు. ఏడూ ఒకే తేదీ వైపు చూపించడం లేదు, అన్నీ ఆమె పడటానికి ముందు వైపే చూపిస్తున్నాయి.

ఎందుకింత శ్రమ అనుకునేవారికి ఒక మందు గురించి చెప్పాలి. కణితి చుట్టూ వాపును డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో ఆశ్చర్యపడేంత తగ్గిస్తుంది. మాట పోయినవాళ్లు మాట్లాడతారు. మరి దెబ్బ వాపుకూ అదే ఇవ్వకూడదా? దశాబ్దాలపాటు చాలాచోట్ల స్టెరాయిడ్లు ఇచ్చారు. చివరికి తలకు దెబ్బ తగిలిన 10,008 మంది పెద్దవాళ్ల మీద చేసిన క్రాష్ అనే అంతర్జాతీయ పరిశీలన 2004లో లాన్సెట్‌లో వచ్చింది. స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలో రెండు వారాల్లో 21.1 శాతం, ఇవ్వనివాళ్లలో 17.9 శాతం చనిపోయారు. ఒక గడ్డకు ఊరటనిచ్చే మందుల జాతే రెండో గడ్డ ఉన్నవాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది. మెదడులో పుట్టే లింఫోమా అనే ఇంకో రకం ఉంది. దానికి ముక్క తీయకముందే స్టెరాయిడ్ పడితే కరిగి మాయమై, సూక్ష్మదర్శిని కింద పేరు చెప్పకుండా తప్పించుకుంటుంది. వాపు చూడగానే సూది వేయకుండా ఆగే చెయ్యి కూడా ఈ పనితనంలో భాగమే.

పొరపాటు అవతలి వైపు నుంచీ జరుగుతుంది. డెబ్బై ఏళ్ల పెద్దాయన నెల కింద మంచం దిగుతూ గోడకు తల కొట్టుకున్నాడు. బొప్పి కట్టింది, తగ్గింది, అందరూ మరిచిపోయారు. ఇప్పుడు మాట తడబడుతోంది, ఒక కాలు ఈడుస్తున్నాడు. ఇంట్లో పక్షవాతమనో, తలలో కణితి అనో భయపడతారు. నిజానికి అది దెబ్బే, నిదానంగా నడిచే దెబ్బ. వయసుతో మెదడు కుదించుకుపోయి, దానికీ పొరకూ మధ్య సాగిన సన్నని సిర ఒకటి తెగి, వారాల తరబడి రక్తం చేరుతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. రక్తం పాతబడుతూ హౌన్స్‌ఫీల్డ్ అంకె దిగుతూ వస్తుంది. మొదట మెదడుకన్నా తెలుపు, చివరికి నలుపు. మధ్యలో, సుమారు రెండు మూడు వారాల దగ్గర, అది మెదడు రంగులోనే ఉంటుంది. తెరమీద అంత పెద్ద రక్తపు పొర కళ్లెదుట ఉండి కనిపించదు. అప్పుడు పనికొచ్చేది డాండీ, మోనిజ్‌ల నాటి చూపు. రేడియాలజిస్టు రక్తాన్ని వెతకడు. మెదడు ముడతలు పుర్రె దాకా రాకుండా మధ్యలో ఎందుకు ఆగాయి, నడి గీత పక్కకు ఎందుకు జరిగింది అని చూస్తాడు. కనిపించనిది తోసిన తోపులో కనిపిస్తుంది. పుర్రెకు చిన్న రంధ్రం వేస్తే పాత ఇంజనాయిల్ రంగు ద్రవం బయటికొస్తుంది. చాలామంది పెద్దాయనలు ఆ వారంలోనే నడిచి ఇంటికి వెళ్తారు.

అన్నిటికన్నా కష్టమైనది మెదడు లోపలే రక్తం చిమ్మిన కణితి. గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ అలా చేయగలదు. ఊపిరితిత్తి, మూత్రపిండం, మెలనోమా క్యాన్సర్ల నుంచి వచ్చి మెదడులో నాటుకున్న పిల్ల గడ్డలూ చేయగలవు. రక్తం ముంచేస్తే అడుగున ఉన్న కణితి కనబడదు. ఇక్కడ సీటీ చేతులెత్తేస్తుంది, ఎమ్మారై వస్తుంది. అది చేసే లెక్క నన్ను ఇప్పటికీ నిలబెట్టేస్తుంది. రక్తంలో ఇనుముంది. ఆక్సిజన్ మోస్తున్నప్పుడు హిమోగ్లోబిన్‌లోని ఇనుము అయస్కాంతానికి లొంగదు, ఆక్సిజన్ వదిలేశాక లొంగుతుంది. దీన్ని 1936లో లైనస్ పౌలింగ్, చార్లెస్ కోరియెల్ కనుక్కున్నారు, ఎమ్మారై పుట్టడానికి దశాబ్దాల ముందు. చిందిన రక్తం మెదడులో ఒక క్రమంలో పాతబడుతుంది. తొలి గంటల్లో ఆక్సిజన్ ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. మూడో రోజు దాటాక ఇంకో రూపం దాల్చి, టీ-1 అనే చిత్రంలో తెల్లగా వెలుగుతుంది. వారాల తర్వాత తుప్పులాంటి పదార్థంగా మారి, టీ-2లో అంచు చుట్టూ నల్లని వలయం గీస్తుంది. అంటే చిందిన ప్రతి రక్తపు బొట్టూ తన తేదీని ఇనుముతో రాసుకుంటుంది.

ఒక్క దెబ్బ వల్ల వచ్చిన రక్తం అంతా ఒకే వయసుది. కణితి పలుమార్లు కారుతుంది. అందుకే దానిలో వేరువేరు వయసుల రక్తం పొరలు పొరలుగా ఉంటుంది, నల్లని వలయం పూర్తిగా మూసుకోదు, వాపు తగ్గాల్సిన వారాల్లో తగ్గదు. అప్పటికీ అనుమానం తీరకపోతే డాక్టరు "నెల, నెలన్నర తర్వాత మళ్లీ స్కాన్ తీద్దాం" అంటాడు. వినేవాళ్లకు అది కాలయాపనలా అనిపిస్తుంది. అది కాలాన్నే పరికరంగా వాడటం. రక్తం తగ్గుతుంది, కణితి తగ్గదు. ముంపు తీసిన గోదావరి ఒడ్డులా, ఉన్నది ఉన్నచోట బయటపడుతుంది.

మన బీడీల అమ్మకు అంతదాకా పోనక్కర్లేదు. సిరలోకి గడోలినియం మందు ఎక్కించి తీసిన ఎమ్మారైలో ఆ కటకం మొత్తం ఒకే తీరుగా వెలిగింది. మెదడు లోపలి రక్తనాళాల గోడలు ఆ మందును బయటికి వదలవు. మెనింజియోమా మెదడుది కాదు, పైపొరది. దాని నాళాలకు ఆ కట్టుదిట్టం లేదు, మందు పూర్తిగా నింపుకుంటుంది. అంచున ఆ పొర వెంట సన్నని తోక కూడా వెలిగింది. తాజా రక్తపు గడ్డ ఇలా నిండుగా వెలగదు.

ఆఖరి మాట మాత్రం స్కాన్‌ది కాదు. హైదరాబాద్ నిమ్స్ లాంటి చోట పుర్రె తెరిచాక, సర్జన్ బియ్యపు గింజంత ముక్క తీసి పేథాలజిస్టుకు పంపుతాడు. ఆమె ఆ ముక్కను రెండు గాజు పలకల మధ్య పెట్టి ఒక్కసారి నొక్కి జరుపుతుంది. మరీ గట్టిగా నొక్కితే కణాలు నలుగుతాయి, మెల్లగా నొక్కితే ఒకదానిమీద ఒకటి పడి కనిపించవు. రంగు వేసి చూస్తుంది. ఈ పద్ధతిని 1930లో లూయీస్ ఐసెన్‌హార్ట్, హార్వీ కుషింగ్ ప్రకటించారు. మెనింజియోమా అన్న పేరు పెట్టింది కూడా 1922లో కుషింగే. మెనింజియోమా అయితే కణాలు ఉల్లిపొరల్లా ఒకదాని చుట్టూ ఒకటి సుడులు తిరిగి ఉంటాయి, కొన్ని సుడుల నడుమ ఇసుక రేణువుల్లాంటి సున్నపు గుళికలు ఉంటాయి. గ్లియోమా అనే మెదడు కణితి అయితే సన్నని పీచు పీచుగా సాగుతుంది. పావుగంటలో ఆపరేషన్ గదికి ఫోన్ వెళ్తుంది. ఆ కబురు మీద సర్జన్ తర్వాతి గంటలు నడుస్తాయి, ఎంత తీయాలి, ఎక్కడ ఆగాలి అని. మెనింజియోమాల్లో ఎక్కువ భాగం మెల్లగా పెరిగేవే. పూర్తిగా తీయగలిగితే చాలామందికి అదే చికిత్స.

ఇంతమంది పనిలో మొదటి చెయ్యి ఎవరిదని అడిగితే నేను వాకిట్లో నిలబడ్డ కోడలిదే అంటాను. ముందు బొటనవేలు, తర్వాత చెయ్యి, తర్వాత మూతి, ఆ తర్వాత పడటం. ఈ వరుసను ఏ యంత్రమూ తిరిగి తెచ్చిపెట్టలేదు. ఇప్పుడు జగిత్యాలలో 2022 నుంచి, సిరిసిల్లలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. హైదరాబాద్ మాత్రం ఇబ్రహీంపట్నానికి రెండు వందల కిలోమీటర్లకు పైనే. అంత దూరంలో చేతులు మారేకొద్దీ "కిందపడి దెబ్బ తగిలింది" అన్న ఒక్క ముక్కే మిగిలి, మిగతాది జారిపోతుంది.

అందుకని మీ ఇంట్లోనో మీ వాడలోనో ఎవరైనా తలకు దెబ్బతో ఆసుపత్రికి వెళ్తుంటే, బండిలో ముందు ఎక్కాల్సింది పడటం కళ్లారా చూసిన మనిషి. వేసుకునే మందుల పొట్లాలు, పాత స్కాన్‌లుంటే అవి, చివరికి బీడీల లెక్క రాసిన పుస్తకమైనా సరే, వెంట తీసుకెళ్లండి. పడ్డాక ఏమైందో డాక్టరు ఎలాగూ చూస్తాడు. పడకముందు ఏమైందో మీరు చెప్పండి.